బొడ్రాయికి చందా ఇయ్యాల్నా వద్దా?

పోయిన ఎండాకాలం మా తమ్ముడు ఫోన్ చేసిండు. "అక్కా, మన ఊర్ల బొడ్రాయి పండుగ పెట్టుకున్నరు, ఇంటికి రెండు వేలు చందా, ఆడబిడ్డలందర్ని పిలవాల్నట, నువ్వు తప్పకుంట రావాలె" అన్నడు. అని కొంచెంసేపు సప్పుడు చెయ్యలే. మళ్ల ఆయనే, "మన చర్చి అయ్యగారేమో ఒక్క రూపాయి ఇచ్చినా అది విగ్రహారాధనే అంటున్నడు" అన్నడు.

మాది దేవరకొండ దిక్కు ఊరు. మా వాడల నలభై గడపలుంటయి, చర్చికి పోనోళ్లు రెండు మూడిండ్లు ఉంటరేమో. నన్ను జడ్చర్ల దగ్గరికిచ్చిండ్రు. పుట్టినిల్లు అత్తగారిల్లు రెండూ మెన్నోనైట్ బ్రదరన్ చర్చి కుటుంబాలే, కాబట్టి ఇది బయటనుంచి చూసి చెప్పే మాట కాదు. బొడ్రాయి అంటె తెల్వనోళ్ల కోసం చెప్త, ఊరి నడిమిట్ల పాతిపెట్టే రాయి, ఊరికి బొడ్డు అన్నట్టు. పాతది కుంగిపోయిందనో ఇరిగిందనో కొత్తది ప్రతిష్ఠ చేస్తరు, మూడు రోజులు పండుగ, ఊరు బందు పెడ్తరు, బయటోళ్లు లోపటికి రావొద్దు లోపటోళ్లు బయటికి పోవద్దు, ఆఖరుకు బోనాలు, రాత్రికి యాటను కోసి నెత్తురు అన్నంల కలిపి ఊరు పొలిమేర పొంటి పొలి చల్లుతరు. పదేండ్ల సంది మా దిక్కు ఏ ఊర్ల చూసినా ఇదే, జనం చేతుల పైసలాడుతున్నయో భక్తే పెరిగిందో తెల్వదు.

తమ్ముడు వాళ్ల సంఘం వాట్సాప్ గ్రూపు నాకు చూపెట్టిండు. "వెలుగుకు చీకటికి పొత్తేంది" అని ఒకరు, "ఊర్ల ఉండాల్నా వద్దా మనం" అని ఇంకొకరు, నడుమ ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మ పెట్టిండ్రు, మళ్ల కొట్లాట. నేను స్కూల్ల సోషల్ చెప్పేదాన్ని, వేదాంతం చదువుకోలే, అయినా ఆ రెండు నెలలు ఇదే నా బుర్రల తిరిగింది. యేసును నమ్ముకున్నోళ్లు మన్నుకు, నీళ్లకు, ఊరి దేవతకు సంబంధించిన ఆచారాల దగ్గరికి ఎంతదాక పోవచ్చు, ఎక్కడ ఆగాలె.

మొదలు ఒక మాట. ఇంగ్లీషుల ఇట్లాంటి ఆచారాలను పేగన్ అంటరు. ఆ మాట లాటిన్‌ల పేగానుస్ నుంచి వచ్చింది, దానికి పాత అర్థం పల్లెటూరోడు అని. పల్లెటూరోడు అనే మాటకు అన్యుడు అనే అర్థం ఎట్లొచ్చిందో పండితులు కొట్లాడుకుంటరు, నాకు మాత్రం అది చదివినప్పుడు నవ్వొచ్చింది. ఆ లెక్కన మా వాడ వాడంతా పేగన్లే, అయ్యగారితో సహా, ఆయనకు గూడ రెండెకరాల చెల్క ఉన్నది.

అమెరికాల, ఇంగ్లండుల ఇప్పుడు ఇంకో తీరు మనుషులున్నరు. యేసును ఇడిసిపెట్టరు, పున్నమికి దీపాలు పెడ్తరు, చెట్లకు మొక్కుతరు, మేం క్రైస్తవులమే పేగన్లమే అంటరు. వాళ్లల్ల కొందరు విక్కా అనే దాని దిక్కు పోతరు, 1950లల్ల జెరాల్డ్ గార్డ్నర్ అనే ఇంగ్లీషాయన పుస్తకాలతోని బయటికొచ్చిన మతం అది. వాళ్లను నేను ఎక్కిరియ్య. తాత ముత్తాతలు మన్ను ఇడిసిపెట్టి ఫ్యాక్టరీలకు, సిటీలకు పోయిండ్రు, వీళ్లు ఆ పోగొట్టుకున్న దాన్ని పుస్తకాలల్ల దేవులాడుకుంటున్నరు. మనకు ఆ బాధ లేదు. మన దగ్గర మన్ను ఇడిసిపెట్టిందెక్కడ, కాళ్లకే ఉన్నది. మన బాధ దానికి ఉల్టా, ఆ మన్ను మీద ఎవరు ఎవర్ని నిలబెట్టిండ్రు అనేది.

మా నాయినమ్మ నిజాం కాలంల పుట్టింది. ఆమె చిన్నతనంల పోచమ్మ పండుగ అంటె ఊరికి పండుగ, మా వాడకు పని. డప్పు కొట్టేది మావోళ్లే, దున్నపోతును కోస్తె కళేబరం గుంజేది మావోళ్లే, పొలి గంప నెత్తిమీద పెట్టుకొని నడిరాత్రి ఊరు చుట్టు ఉరికేది మావోళ్లే. అందరి బోనాలు ఎక్కినంక ఆఖరుకు మా బోనం, అదిగూడ దూరంకెల్లి. బతుకమ్మ అయినా అంతే, ఊరి ఆడోళ్లు ఆడేకాడ మావోళ్లు ఆడొద్దు, వాడల్నే పేర్చుకొని వాడల్నే ఆడుకోవాలె. కూలి అడిగే ముచ్చటే లేదు, దొర గడిల వెట్టి ఎట్లనో దేవత కాడ వెట్టి అట్లనే. 1946 సంది 51 దాక నల్లగొండల సాయుధ పోరాటం నడిచింది, గడీలు కూలినయి అని మేం స్కూల్ల పాఠం చెప్తం గని, పోచమ్మ కాడి వెట్టి ఆ తర్వాత గూడ మస్తు రోజులు పోలేదని నాయినమ్మ చెప్పేది.

"అమ్మోరుతోని నాకేం పంచాతి లేదు బిడ్డా" అనేది ఆమె, "అమ్మోరి పేరు చెప్పి మనతోని చేపిచ్చుకున్నోళ్లతోనే."

మా తాత బాప్తిస్మం తీసుకున్నడంటె మొదలు చేసిన పని డప్పు ఇడిసిపెట్టుడు. అది భక్తి గూడ, సమ్మె గూడ. ఊరోళ్లు కొన్నొద్దులు కూలికి పిలవలేదట, మిషన్ బంగ్లాల నూకలు తెచ్చుకొని తిన్నరట. నాయినమ్మను రక్షణ అంటె ఏందే అని అడిగితె, వాక్యం చెప్పకపోయేది, "పొలి గంప దింపుడు" అనేది.

అందుకని, సదువుకొని పట్నంల స్థిరపడ్డ మా అసొంటోళ్లు ఇప్పుడొచ్చి, చర్చి మనల్ని మన మూలాలకెల్లి తెంపేసింది, పోచమ్మ మన తల్లి, మళ్ల మన పండుగలు మనం తీసుకోవాలె అని మాట్లాడితె నాకు సగం నిజమే అనిపిస్తది. పోచమ్మ కాడ పూజకు బాపనాయన రాడు, కుమ్మరోళ్లు, బైండ్లోళ్లు చేసుకుంటరు, జమిడిక పట్టుకొని కథ చెప్పేది మావోళ్లే, పాలమూరుల కురుమూర్తి స్వామి ఉద్దాలు, అంటే ఆ దేవుని చెప్పులు, కుట్టేది గూడ వడ్డెమాన్‌ల ఉండే మాదిగలే, అది చిన్న గౌరవం కాదు. ఇవన్ని తెలుసు. అయినా ఆ మాట వినంగనే నాయినమ్మ నెత్తి యాదికొస్తది, నడినెత్తిన కాయ కాసినట్టు గట్టిగ ఉండేది, దువ్వేటప్పుడు దువ్వెన తాకేది.

డప్పు ముచ్చట గూడ చెప్పాలె. మా చర్చిల దాన్ని ఎన్నో ఏండ్లు గేటు దాటనియ్యలేదు, సావుకు కొట్టేది, దయ్యాలకు కొట్టేది అని. ఇప్పుడు యూత్ పిలగాండ్లు క్రిస్మస్ ఊరేగింపుల అదే డప్పు కొడ్తున్నరు, అయ్యగారే ముందట నడుస్తడు. మొదటిసారి కొట్టిననాడు మా పెద్దనాయిన, అంటే డప్పు ఇడిసిపెట్టినోళ్లల్ల ఆఖరు మనిషి, ఇంట్లకు పోయి తలుపేసుకున్నడు. కోపానికా, ఏడుపొచ్చా తెల్వదు. ఎవరం అడగలే.

ఇగ మా నాయిన. నాయిన సంఘంల పెద్ద, పాట ఎత్తుకునేటోడు. ఏటా ఏరువాక పున్నం దాటి మొదటి వాన పడ్డంక నాగలి కట్టేటప్పుడు చెప్పులిడిసి, వంగి, సాలు మొదట్ల పిడికెడు మన్ను తీసి రెండు కండ్లకద్దుకొని మళ్ల అదే సాల్ల ఏసేటోడు. బొట్టు లేదు, కొబ్బరికాయ లేదు, ఊదుబత్తి లేదు. ఎద్దులను ఒకసారి తట్టి "పా" అనేటోడు. ఒకనాడు అప్పటి అయ్యగారు గట్టు మీదకెల్లి చూసి, "ఏంది పెద్దయ్యా, భూదేవికి మొక్కుతున్నవా?" అని అడిగిండు. నాయిన సిగ్గుపడ్డడు. "లేదయ్యగారూ, చెయ్యి దానంతటదే పోతది" అన్నడు. తర్వాతి ఏడు చుట్టు చూసి, ఎవరూ లేరనుకున్నంక అద్దుకున్నడు, నేను సద్ది తీసుకొని చింతచెట్టు కిందికెల్లి వస్తున్న, చూసిన.

మన మనుషులను మన్ను కాడ దొంగలను చేసిందే తప్పు అని నాకు ఆనాడే అనిపించింది. చేసింది మాత్రం అయ్యగారే, బైబిల్ కాదు. రెండో రాజుల గ్రంథంల నయమాను ముచ్చట చూడుండ్రి. సిరియా సేనాని, కుష్టు బాగయింది, ఇగ నీ దేవునికి తప్ప ఎవరికి బలియ్య అన్నడు, అని ఎలీషా ప్రవక్తను రెండు అడిగిండు. ఒకటి, మీ దేశపు మన్ను రెండు కంచరగాడిదలు మోసేంత ఇయ్యి, తీసుకపోత. రెండు, మా రాజు రిమ్మోను గుడిల మొక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటడు, నేను వంగాల్సి వస్తది, దానికి క్షమాపణ కావాలె. ఎలీషా ఏమన్నడు? నెమ్మదిగ పో అన్నడు, అంతే. అట్ల చెయ్యి అనలే, చెయ్యొద్దు అనలే. ఈ రెండు వచనాల మీద ఒక్క ప్రసంగం గూడ నేను ఇప్పటిదాక వినలే, కుష్టు బాగైన దాని మీద మాత్రం యాభై సార్లు విన్న.

మా చర్చిలు పెట్టినోళ్లు గూడ మన్ను మనుషులే. 1890 ప్రాంతంల రష్యా సామ్రాజ్యంకెల్లి నల్లగొండకొచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, ఆయన జాడల వచ్చిన మెన్నోనైట్లు, జర్మన్ మాట్లాడే గోధుమ రైతుల బిడ్డలు. కోతలయినంక చర్చిల గింజలు, కాయగూరలు పెట్టి దేవునికి దండం పెట్టుకునే పండుగ వాళ్లకున్నది. మాకు గూడ కోత పండుగ ఉన్నది, ఎవరి సేండ్ల పండింది వాళ్లు తెస్తరు, వడ్ల మూట, కందులు, కోడిపుంజు, ఆరాధనయినంక అన్ని వేలం పాడ్తరు. మా అమ్మ తెచ్చిన సొరకాయ ఒకసారి వందకు మొదలై తొమ్మిది వందలు పలికింది, ఇద్దరు సంఘ పెద్దలు పంతానికి పోయిండ్రు, ఆ సొరకాయ ముదురుది, కూరకు గూడ పనికి రాదు. ద్వితీయోపదేశకాండం 26ల గూడ గంపల మొదటి పంట పెట్టుకొని పోవుడే ఉన్నది. మరి పంట చేతికొచ్చినంక దండం పెడితె క్రైస్తవం, విత్తనం ఏసేముందు మన్ను అద్దుకుంటె విగ్రహారాధన ఎట్లయితదో నాకు ఎవరూ చెప్పలే.

ఇదేం కొత్త పంచాతి గాదు. 601ల పోపు గ్రెగరీ ఇంగ్లండుల కెంట్ అనే రాజ్యం ఏలే రాజుకు ఉత్తరం రాస్తడు, అన్యుల గుళ్లు కూలగొట్టు అని. సరిగ నెల తిరగకముందే అటే పోతున్న మెల్లిటుస్ అనే ఆయనకు ఇంకో ఉత్తరం, ఆలోచించిన, గుళ్లను కూలగొట్టకుండ్రి, లోపటి విగ్రహాలు తీసేసి మన గుళ్లు చేయుండ్రి, దేవతలకు ఎడ్లను కోసే అలవాటున్నది గదా, కొయ్యనియ్యుండ్రి, పండుగ పూట దేవుని పేరు మీద వండుకొని తిననియ్యుండ్రి అని. నెలల మాట మార్చిండు అని నాకు ఆయన మీద ఇష్టం పుట్టింది. మన కథోలికులు 1969ల రోమ్ ఒప్పుకున్న పన్నెండు అంశాలతోని పూజల ఆరతి, నేల మీద కూసునుడు తెచ్చుకున్నరు. అదే కథోలికులల్ల 2019ల ఏమైంది, అమెజాన్ సభలు నడుస్తుంటె పచమామ, అంటే భూమాత అని పేరుపడ్డ కట్టె బొమ్మలను ఎవరో చర్చిలకెల్లి ఎత్తుకపోయి టైబర్ నదిల ఏసిండ్రు, పోపు ఫ్రాన్సిస్ క్షమాపణ చెప్పిండు, విగ్రహారాధన ఉద్దేశం లేదన్నడు. పదునాలుగు వందల ఏండ్లయినా ఆ రెండు ఉత్తరాల నడిమిట్లనే ఉన్నం మనం.

అట్లని అన్ని కలుపుకోవచ్చు అంటున్ననా? లేదు, నా గీత ఒకటున్నది. అది ఎక్కడున్నదో నాకు తెలిసింది పోచమ్మ గుడి కాడ గాదు, మా అత్తగారి చెల్కల.

మూడు బోర్లు ఫెయిలయినంక నాలుగోది ఏపిచ్చినం. జడ్చర్ల చుట్టు ఎర్రమట్టి, కింద బండ. నీళ్లు చూసేటాయన వచ్చి అరచేతుల కొబ్బరికాయ పెట్టుకొని సేను మొత్తం తిరిగిండు, ఒక కాడ కాయ నిట్టనిలువు లేసింది, రాయి పెట్టిండు. మా ఆయన సంఘం సెక్రటరీ, ఆయన ముందట్నే ఇదంతా. నేను మొఖం చూసిన, "అది సైన్సేనే" అన్నడు. రాత్రి పదకొండుకు బోరు బండి వచ్చింది, తిరుచెంగోడు బండి, ఆ తమిళ పిలగాండ్లు మిషన్‌కు కుంకుమ పెట్టి నిమ్మకాయ కోసిండ్రు. మా ఆయన "ఒక్క నిమిషం ఆగుండ్రి, ప్రార్థన చేసినంక స్టార్ట్ చేద్దురు" అన్నడు. అందరం కండ్లు మూసుకున్నం, వాళ్లు గూడ చెప్పులిడిసి నిలబడ్డరు పాపం. తర్వాత ఆ సప్పుడు, తెల్లపొడి చెట్ల మీద, మా నెత్తుల మీద, మూడొందల ఫీట్లు, నాలుగొందలు, ప్రతి రాడ్డుకు మీటర్ తిరుగుతున్నట్టే. ఆరువందల ఇరవైకి ఆపేసినం. పొడే. తడి గూడ తగల్లే.

తెల్లారి మా అత్తమ్మ కూసొని లెక్క చేస్తున్నది. ఏ నెల దశమభాగం తక్కువ ఇచ్చినం, ఏ ఉపవాస ప్రార్థనకు పోలేదు, పెండ్లికి మొక్కుకున్న ఐదు వేలు ఎవరికిచ్చినం. "దేవునికి కోపమొచ్చింది, ఆయనది ఆయనకు ఇయ్యలే, అందుకే" అన్నది. నేను ఆగమైన. ఇది పోచమ్మ కాడి మాటే, పేరు మారింది అంతే. అమ్మోరికి యాట ఎగ్గొడితె పిల్లకు జ్వరమొస్తది, యేసుకు దశమభాగం ఎగ్గొడితె బోరు ఎండుతది.

పాల్ హీబర్ట్ అనే ఆయన గురించి ఇక్కడ చెప్పాలె. 1932ల షంషాబాద్‌ల పుట్టిండు, మిషనరీల కొడుకు, 1960లల్ల మా మహబూబ్‌నగర్ దిక్కే మిషనరీగ చేసి తర్వాత అమెరికాల పెద్ద ఆంత్రోపాలజీ ప్రొఫెసర్ అయిండు. 1982ల ఒక వ్యాసం రాసిండు. దాంట్ల ఆయన చెప్పిందేందంటె, మేం తెల్లోళ్లం పైన మోక్షం గురించి చెప్పినం, కింద దవాఖాన, బడి పెట్టినం, నడిమిట్ల అంతస్తు ఒకటున్నదని మాకు తెల్వనే తెల్వదు అని. అంటే బర్రె ఎందుకు కట్టలే, పిల్ల ఎందుకు ఉలిక్కిపడ్తున్నది, బోరుల నీళ్లెందుకు పడలే అనే అంతస్తు. ఆ ప్రశ్నలకు చర్చి జవాబియ్యకపోతె జనం రాత్రిపూట భూతవైద్యుని కాడికి పోతరు, అది వాళ్ల తప్పా?

ఆయన చెప్పిన కథ గూడ ఒకటున్నది, మా బొడ్రాయి చందాకు అన్నదమ్ముని అసొంటిది. ఓ ఊర్ల మశూచి వచ్చింది, మైసమ్మకు బలియ్యాలె అని ఊరంతా చందా వసూలు, క్రైస్తవులు ఇయ్యమన్నరు. ఊరోళ్లకు కోపమొచ్చింది. తర్వాత క్రైస్తవుల పిల్లకే మశూచి సోకింది. ఊరంతా చూస్తున్నది, వీళ్ల దేవుడేం చేస్తడో అని. ప్రార్థన చేసిండ్రు, పిల్ల సచ్చిపోయింది. హీబర్ట్ ఓడిపోయినం అనుకున్నడట. ఆ ఊరి సంఘం నడిపేటాయనేమో, లేదు, బాగైతె ఎప్పటికైనా సచ్చేదే గదా అనేటోళ్లు, మేం సమాధి కాడ మళ్ల కలుస్తం అనే నిరీక్షణతోని పాడుతుంటె చూసిండ్రు, దానికే వాళ్లు నిలబడిపోయిండ్రు అన్నడట.

ఆ సంఘపాయన దేవునితోని బేరం ఆడలే. మా ఇంట్ల బేరం ఆడినం. నా గీత అక్కడ. మన్ను, నీళ్లు, పువ్వు, డప్పు, దీపం, పసుపు, వీటిల్ల ఏది ఏ దేవతకు రాసిచ్చిన ఆస్తి కాదు, యేసును నమ్ముకున్నోళ్లు వీటిని ఎత్తుకుంటె ఆయనకేం నామోషీ లేదు. ఇస్త ఇయ్యి, ఇయ్యకపోతె సంపుతవేమో అనే మొక్కుబడి మాత్రం యేసుతోని అస్సలు కలవది, పోచమ్మకు పెట్టినా కలవది, యేసుకు పెట్టినా కలవది. మస్తుమంది దగ్గర క్రైస్తవం పేరుమీద నడిచేది ఇదే. తలకు రాసుకునే తైలం సీసా, దిండు కింద పెట్టుకునే రుమాలు, "ఇరవై ఒక్క ఆదివారాలు వస్తే వీసా". యాకోబు పత్రికల రోగికి నూనె రాయమని ఉన్నది నిజమే, రేటు మాత్రం లేదు. బతుకమ్మ పాపమని చెప్పే నోళ్లు ఈ సీసాల గురించి మాట్లాడవు. బైబిల్‌ల హిజ్కియా రాజు మోషే చేసిన ఇత్తడి పామునే పగలగొట్టిండు, ఆ పాము దేవుడు చెప్పి చేపిచ్చిందే, కాని జనం దానికి ధూపమెయ్యబట్టిండ్రు. ముందుగాల మన సీసాలు పగలాలె.

బతుకమ్మ అంటె మాత్రం నాకు ఇంత తేలిగ్గ తెగలే, అది ఒప్పుకోవాలె. పెత్రమాస నాడు ఎంగిలిపూలతోని మొదలై సద్దుల దాక తొమ్మిది రోజులు, తంగేడు, గునుగు, కట్లపూలు, అన్నీ వానాకాలం ఎల్లేటప్పుడు గట్ల పొంటి పూసేవి, ఎవరూ విత్తనమెయ్యనివి. పేర్చి, చుట్టు చప్పట్లు కొట్టుకుంట తిరిగి, చెరువుల ఇడిసిపెట్టుడు. నా మనసుకు ఇంతకంటె మంచి స్తోత్రం లేదు. ఒక ఏడు మా యూత్ ఆడపిల్లలు "చర్చి ముంగట ఆడుదాం, పైన గౌరమ్మకు బదులు సిలువ పెడదాం, ఉయ్యాలో పాటలు యేసు మీద కట్టుకుందాం" అన్నరు. నేను ఎగిరి గంతేసిన. మా పక్కింటి అక్క, నాకు ఇరవై ఏండ్ల దోస్తు, ఈ ముచ్చట విని చాట పక్కకు పెట్టింది.

"నువ్వు రాకు అంటె ఊకుంట, వస్త అంటె సంబురపడ్త. ఎత్తుకపోత అంటె మాత్రం ఊకోను" అన్నది. "పసుపు ముద్దే గదా గౌరమ్మ అనుకుంటున్నవు. నేను పొద్దున లేసి తానం చేసి చేసిన ముద్ద అది. మీ రొట్టె నేను పట్కపోయి మా గుళ్ల ప్రసాదం పంచితె నీకెట్లుంటది?"

నా దగ్గర జవాబు లేదు. గ్రెగరీ ఉత్తరం చదివినప్పుడు ఆ గుళ్లు కట్టుకున్నోళ్లను ఎవరన్న అడిగిండ్రా అని నాకు తట్టనే లేదు, ఆమె అడిగినంకనే తట్టింది. అటు దిక్కు బైబిల్ గూడ ఊకుంటలేదు, యిర్మీయా ప్రవక్త గ్రంథంల పిల్లలు కట్టెలు ఏరుతరు, తండ్రులు నిప్పు రాజేస్తరు, ఆడోళ్లు పిండి పిసికి ఆకాశరాణికి అప్పాలు చేస్తరు, ఇంటిల్లిపాది కలిసి చేసే పని, చదువుతుంటె మలీద ముద్దల వాసనొస్తది నాకు. అది ఇడిసిపెట్టినంకనే మాకు కరువొచ్చింది అని ఆ ఆడోళ్లు ప్రవక్త మొఖం మీదనే అంటరు 44వ అధ్యాయంల. ప్రవక్తకు కోపమొస్తది. నాకు వాళ్లు మా అత్తమ్మ లెక్కనే కనిపిస్తరు, బోరు కాడ.

చివరికి మేం సిలువ పెట్టలే. అక్క పిలిచింది, నేను పోయిన, పూలు ఏరిచ్చిన, చప్పట్లు కొట్టిన, గౌరమ్మకు దండం పెట్టే కాడ పక్కకు నిలబడ్డ. ఆమెకు అది నచ్చింది. మా సంఘంల నలుగురికి నచ్చలే. నయమాను లెక్క వంగలే గని, గుడిల ఉన్న మాట నిజమే.

కలపొద్దు కలపొద్దు అనే పెద్దమనుషుల గురించి ఇంకొక్క మాట చెప్పి ఊరికి పోత. 1950ల వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతె ఎస్సీ కాదు, మన కాడ బీసీ-సీల ఏస్తరు. అందుకని ఆదివారం ఒక మతం, సర్టిఫికెట్‌ల ఒక మతం ఉన్న ఇండ్లెన్నో మీకు తెల్వదా, నాకు తెల్వదా? అది ఆకలి చేపిచ్చే పని, నేను ఎవర్నీ అనను. కాని ఆ కాయితం జేబుల పెట్టుకొని తంగేడు పువ్వును చూసి ఉలిక్కిపడుడు మాత్రం నాకు అర్థం కాదు.

బొడ్రాయికి తమ్ముడు ఏం చేసిండంటె, రెండు వేలకు బదులు మూడు వేలు ఇచ్చిండు. కమిటీ వాళ్ల కాడికి పోయి, "యాటకు, పూజకు నావి రాయొద్దు, ఊరికి సుట్టాలు వస్తరు, తాగే నీళ్లకు రాయుండ్రి" అన్నడు. మా దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడు, వచ్చినోళ్లకు మంచినీళ్లు కొనక తప్పదు. ఒకాయన "ఏందిరా మీ అతి" అన్నడట, ఇంకొకాయన "ఇస్తుండు గదా, రాయి" అన్నడట. చందా పుస్తకంల ఇప్పటికీ ఉంటది, తమ్ముని పేరు, పక్కన "నీళ్ల ట్యాంకరు". తర్వాత మా వాడల ఇంకా పదకొండిండ్లు అట్లనే రాపిచ్చినయి, ఒకాయన టెంటుకు, ఒకాయన లైట్లకు. అయ్యగారు ఆ ఆదివారం ప్రసంగంల పేరు తియ్యకుంట మమ్మల్ని ఏసుకున్నడు. పౌలు కొరింథీయులకు రాసిన దాంట్ల అంగట్ల అమ్మే కూర అడగకుంట తినుండ్రి, ఇది బలిచ్చింది అని ఎవరన్న చెప్తె తినకుండ్రి అని ఉన్నది గదా, దాంట్ల రెండో సగమే చదివిండు.

నేను పోయిన. బోనాల నాడు వాకిట్ల కూసొని చూసిన, డప్పు మాత్రం ఇప్పుడు పైసలకు వేరే మండలంకెల్లి వచ్చిన బ్యాచ్ కొడ్తున్నది, యూనిఫాం టీషర్టులు. పొలి మోసింది గూడ కూలికి మాట్లాడిన మనిషే, ఐదు వేలట. నాయినమ్మ ఉంటె ఏమనేదో. నడిరాత్రి "పొలి పొలి" అనుకుంట మా వాడ ఎనకకెల్లి పోయిండ్రు, తలుపులేసుకొని పండుకున్నం, నాకు నిద్ర పట్టలే.

పొద్దుగాల అమ్మ వాకిలి ఊడుస్తుంటె ప్రహరీ గోడ పొంటి ఎర్రటి మెతుకులు. చీపురు ఆపి ఒకసారి చూసింది. అంతల కోళ్లు వచ్చినయి. తమ్ముడు కొట్టబోతె "తిననీ తియ్ రా, వాటికి సంఘమా సావిడా" అన్నది.

పదింటికి నన్ను పీట మీద కూసోబెట్టి ఒడిబియ్యం పోసింది. అయ్యగారిని ప్రార్థనకు పిలిస్తె పని ఉన్నదన్నడు, అమ్మనే చేసింది, కండ్లు మూసుకొని, చేతుల బియ్యం పట్టుకొనే. కుంకుమ లేదు, పోక చెక్క లేదు, జాకెట్ ముక్క, ఎండు ఖర్జూరం ఉన్నయి. బియ్యం మాత్రం పచ్చగ మెరుస్తున్నయి. "పసుపు కలిపినవేందే, అయ్యగారు వద్దన్నడు గదా" అన్న.

"పురుగు పట్టకుండ" అన్నది అమ్మ, మూడో దోసిలి పోసుకుంట.